చివరి పేజీలో పెరిగే టికెట్టు

పాట వినడానికి డబ్బు పెట్టడం నాకు బాధ కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తిరుపతి వాడు టికెట్ రేటు గురించి నోరెత్తితే చాలు, "మీ ఊళ్ళో అన్నీ ఫ్రీ కదా, మీకు అదే అలవాటు" అని తేల్చేస్తారు. నిజమే, మా ఊళ్ళో సంగీతం చాలావరకు ఉచితం. మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో, త్యాగరాజ మండపంలో పైసా కట్టకుండా కూర్చుని గొప్ప గొప్ప విద్వాంసుల్ని విన్నాం. కొండ మీద నాదనీరాజనం వేదిక ముందు ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఆ ఖర్చు దేవస్థానమో దాతలో భరిస్తారు. అంతమాత్రాన పాడేవాళ్ళకి పొట్ట ఉండదని మేమెవరం అనుకోలేదు. ఒక సినీ సంగీత కచేరీ అంటే గాయకులు, వాద్యబృందం, సౌండ్, లైట్లు, స్టేజీ, సెక్యూరిటీ, గ్రౌండ్ అద్దె. అదంతా నడవాలంటే డబ్బు కావాలి. 2,500 టికెట్టంటే 2,500 పెడతాను. నాకు మండేది దాని పైన వేసే బుకింగ్ ఫీజు చూసినప్పుడు.

లెక్క చూడండి. ఆ మధ్య చెన్నైలో ఒక కచేరీకి నాకూ మా ఆవిడకీ టికెట్లు తీసుకోవాలని కూర్చున్నాను. ప్రకటనలో 2,500 అని పెద్ద అక్షరాలతో ఉంది. రెండు టికెట్లు, 5,000. ఏ బ్లాక్‌లో కూర్చోవాలో ఎంచుకున్నాను, ఫోన్ నంబరు ఇచ్చాను, ఓటీపీ కొట్టాను. పైన ఒక మూల టైమర్ తిరుగుతూనే ఉంది, ఇన్ని నిమిషాల్లో డబ్బు కట్టకపోతే సీట్లు పోతాయని. ఆ టెన్షన్‌లో చివరి పేజీకి చేరేసరికి మొత్తం 6,490 అయింది. విడదీసి చూస్తే టికెట్ల మీద 18 శాతం జీఎస్టీ, 900. బుకింగ్ ఫీజు 500. ఆ ఫీజు మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, 90.

జీఎస్టీ 900తో నాకు తగాదా లేదు. కచేరీ టికెట్టు మనిషికి 500 రూపాయలు దాటకపోతే పన్ను లేదు, దాటితే 18 శాతం. అది చట్టంలో రాసి ఉంది, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసు, నచ్చకపోతే ఓటు వేసేటప్పుడు అడగొచ్చు. మొదటి పేజీలోనే కలిపి చూపిస్తే బాగుండేది, అంతే. నా ప్రశ్న మిగిలిన 590 గురించి. ఆ 590కి నాకు ఏం పని చేసి పెట్టారు?

ఒక క్యూఆర్ కోడ్ పంపారు. అదే కచేరీలో వెనక వరసలో 1,000 రూపాయల టికెట్టు కొన్నవాడికీ అలాంటి కోడే వచ్చింది, వాడి దగ్గర టికెట్టుకి తీసుకున్న ఫీజు నా దాంట్లో సగం కూడా లేదు. ముందు వరసలో 10,000 పెట్టినవాడికీ అదే కోడ్, టికెట్టుకి ఫీజు మాత్రం నా దానికి నాలుగు రెట్లు. కంప్యూటర్ చేసే పని ముగ్గురికీ ఒకటే. టికెట్ ఖరీదు పెరిగిందని సర్వర్‌కి ఆయాసం రాదు. మరి ఫీజు శాతం లెక్కన ఎందుకు పెరగాలి? శాతం లెక్క కమీషన్‌కి వేస్తారు. కమీషన్ అయితే సరుకు అమ్మించుకున్నవాడు ఇవ్వాలి. ఇక్కడ అమ్మించుకున్నది కచేరీ పెట్టినవాళ్ళు, నేను కాదు.

రైలు టికెట్టు పక్కన పెట్టి చూడండి. ఐఆర్‌సీటీసీలో యూపీఐ ద్వారా కడితే నాన్ ఏసీ టికెట్టుకి 10 రూపాయలు, ఏసీకి 20, దాని మీద జీఎస్టీ. కార్డులాంటి వేరే దారుల్లో కడితే 15, 30. రేణిగుంట నుంచి గూడూరుకి తీసుకున్నా, ఢిల్లీకి తీసుకున్నా అంతే. ఒక టికెట్టు మీద ఇంట్లో వాళ్ళందరి పేర్లూ ఎక్కించినా మనిషికో ఫీజు వెయ్యరు. నోట్ల రద్దు తర్వాత ఆ చార్జీని తీసేశారు, 2019 సెప్టెంబరులో మళ్ళీ పెట్టారు, అప్పుడు జనం తిట్టుకున్నారు కూడా. కానీ ఎంతో ముందే తెలుస్తుంది, అందరికీ ఒకటే, అది ఇష్టం లేనివాడికి స్టేషన్‌లో కౌంటర్ ఉంది. దేశమంతా తత్కాల్ కోసం పొద్దున పదింటికి ఒకేసారి మీద పడే వ్యవస్థ 10, 20 రూపాయలతో ఆ పని చేస్తుంటే, నా రెండు టికెట్లకి 500 ఎందుకయ్యాయో ఎవరైనా నాకు వివరించాలి.

వివరించే ప్రయత్నం మా అక్క కొడుకు చేశాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తెలివైన పిల్లవాడు, నా చేత ఇలాంటి విషయాలు మాట్లాడించి వాదించడం వాడికి సరదా.

"మామా, 2024లో కోల్డ్‌ప్లే బ్యాండు కచేరీకి టికెట్లు పెట్టిన రోజు గుర్తుందా? లక్షల మంది ఒకేసారి వచ్చి పడితే సైటు కుప్పకూలింది. అంత లోడ్ తట్టుకోవాలంటే ఎంత ఖర్చో తెలుసా నీకు? గేటు దగ్గర స్కానర్లు పెట్టాలి, మనుషుల్ని పెట్టాలి, కార్డు కంపెనీకి ఇవ్వాలి. ఇదంతా ఊరికే వస్తుందా?"

వాడు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఆ పని చేసేవాళ్ళకీ జీతాలు ఇవ్వాలి. ఫీజు అసలే ఉండకూడదని నేను అనడం లేదు. కానీ నేను కట్టింది యూపీఐలో. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే డబ్బు చేరవేసినందుకు బ్యాంకులు తీసుకునే చార్జీ, వసూలు చెయ్యకూడదన్నది ప్రభుత్వ నియమం. కార్డు కంపెనీకి ఇవ్వాలన్న మాట నా విషయంలో నిలవదు. ఇక కోల్డ్‌ప్లే లాంటి రోజు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఆ ఒక్క రోజు పేరు చెప్పి ఏడాది పొడుగునా ప్రతి చిన్న కచేరీ మీదా శాతం వసూలు చెయ్యడం ఎలా సబబు? గేటు దగ్గర స్కానర్ పట్టుకునే మనిషి ఖర్చు సభ జరిపే ఖర్చు. కుర్చీల అద్దె విడిగా బిల్లులో రాయడం లేదు కదా, స్కానర్ మాత్రం విడిగా ఎందుకు?

ఇదే వాడితో అన్నాను. "అయితే నచ్చకపోతే వేరే యాప్‌లో కొనుక్కో మామా" అన్నాడు. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

వేరే యాప్‌లో ఆ కచేరీ ఉండదు. దాదాపు ప్రతి పెద్ద కచేరీ ఏదో ఒక టికెట్ సంస్థతోనే ఒప్పందం చేసుకుంటుంది. ఆ సంస్థని ఎంచుకునేది నిర్వాహకుడు, ఫీజు కట్టేది నేను. మామూలు బజారులో కొట్టువాడు ధర ఎక్కువ చెబితే పక్క కొట్టుకి పోతాం, ఆ భయంతోనే వాడు ధర అదుపులో పెట్టుకుంటాడు. ఇక్కడ టికెట్ సంస్థ మెప్పించాల్సింది నిర్వాహకుణ్ణి. నిర్వాహకుడికి కావలసింది ముందస్తు డబ్బు, ప్రచారం, తనకి తక్కువ ఖర్చు. ఆ తక్కువైన ఖర్చు నా బిల్లులో తేలుతుంది. నా కోసం పోటీ పడే అవసరం ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సంస్థ మీద 1994లోనే పెర్ల్ జామ్ అనే బ్యాండు ఆ దేశ న్యాయశాఖకి ఫిర్యాదు చేసింది. 2010లో టికెట్‌మాస్టర్, కచేరీలు నడిపే లైవ్ నేషన్ కలిసి ఒకే సంస్థ అయ్యాయి. 2024 మే నెలలో న్యాయశాఖ ఆ సంస్థ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2018లో లెక్క తీస్తే ఫీజులు సగటున టికెట్ ధరలో 27 శాతం ఉన్నాయి. అందులో కొంత వాటా వేదికల యజమానులకీ వెళుతుందని అదే నివేదిక చెప్పింది. అంటే ఫీజు అన్న పేరుతో వసూలయ్యేది టికెట్ ధరలో మరో ముక్కే, కాకపోతే పోస్టర్ మీద కనిపించదు. తిట్లు టికెట్ సంస్థ తింటుంది, డబ్బు పంచుకుంటారు. 2023లో ది క్యూర్ బ్యాండు అభిమానుల కోసం కొన్ని టికెట్లు 20 డాలర్లకే పెడితే, వాటి మీద ఫీజులు టికెట్ ధరని మించిపోయాయి. ఆ బ్యాండు గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా నిలదీశాడు, టికెట్‌మాస్టర్ కొంత డబ్బు వెనక్కి ఇచ్చింది. చవక టికెట్టు మీద పది డాలర్లు, మిగతావాటి మీద ఐదు. ఒక గాయకుడు గట్టిగా అడిగితే ఫీజు తగ్గిందంటే, ఆ మేరకు అది అవసరమైన ఖర్చు కాదనే కదా అర్థం. మన గాయకులు, సంగీత దర్శకులు ఎంతమంది తమ కచేరీ చివరి పేజీ తెరిచి చూసుకున్నారో నాకు తెలుసుకోవాలని ఉంది.

మన దేశంలోనూ ప్రశ్నలు లేచాయి. సినిమా టికెట్ల బజారులో బుక్‌మైషో థియేటర్లతో చేసుకునే ఒప్పందాల మీద హైదరాబాద్‌లో షోటైమ్ అనే టికెట్ సంస్థ పెట్టిన విజయ్ గోపాల్ ఫిర్యాదు చేస్తే, 2022 జూన్‌లో, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ విచారణకి ఆదేశించింది. మన రాష్ట్ర ప్రభుత్వం 2021లో సినిమాల చట్టాన్ని సవరించి, థియేటర్ టికెట్లన్నీ ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ద్వారానే అమ్మాలని చూసింది. 2022 జులైలో హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ ప్రయత్నం మీద నాకు పెద్ద ఆశ ఉండేది కాదు. ప్రైవేటు గుత్త పోయి సర్కారు గుత్త వస్తే వినేవాడికి ఒరిగేదేముంది? పైగా అందులో కచేరీల ఊసే లేదు. మహారాష్ట్రలో 2013, 2014 ఉత్తర్వులతో సినిమా టికెట్ల మీద ఆన్‌లైన్ ఫీజు వద్దన్నారు. 2025 జులైలో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. వ్యాపారం ఎలా చేసుకోవాలో చెప్పే హక్కు చట్టం ఇవ్వకుండా ప్రభుత్వానికి లేదన్నది సారాంశం. ఆన్‌లైన్‌లో కొనమని ఎవరూ బలవంతం చెయ్యడం లేదు, థియేటర్‌కి వెళ్ళి కొనుక్కోవచ్చు అన్నది సంస్థల వైపు వాదన.

సినిమాకి ఆ వాదన సరిపోతుంది. మా ఊళ్ళో సినిమాకి పోవాలంటే నేను బండేసుకుని థియేటర్‌కి వెళ్ళి కౌంటర్‌లో టికెట్టు తీసుకుంటాను, ఫీజు మిగులుతుంది. బద్ధకంగా ఉన్న రోజు ఫోన్‌లో తీసుకుంటాను, ఫీజు కడతాను, ఏమీ అనుకోను. కచేరీకి ఆ కౌంటర్ ఎక్కడుంది? చెన్నై నందనంలో గ్రౌండ్ బయట నిలబడినా "ఆన్‌లైన్‌లోనే సార్" అంటారు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు, ఇలాంటి ఊళ్ళలో ఉన్నవాళ్ళకి పెద్ద టికెట్ కచేరీ అంటే చెన్నై, లేదంటే బెంగళూరు. సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్లు ఎస్వీ యూనివర్సిటీ స్టేడియంలో జరుగుతాయి, వాటి పాస్‌ల లోకం వేరు. కాబట్టి వేరే దారి లేక ఆన్‌లైన్‌లో కొంటాం. ఆపైన చెన్నైలో మాధవరం బస్టాండు దాకా బస్సు, అక్కడి నుంచి సిటీ బస్సో ఆటోనో, రాత్రి పదకొండు దాటాక గ్రౌండ్‌లోంచి బయటపడి మళ్ళీ మాధవరం చేరడానికి అవస్థ, లేదంటే లాడ్జి ఖర్చు. అన్ని పెట్టుకున్నవాడి దగ్గరే తప్పించుకోలేని ఫీజు కూడా తీసుకుంటారు. దూరం నుంచి వచ్చేవాడికి ప్రత్యామ్నాయం లేదని వాళ్ళకి బాగా తెలుసు.

కౌంటర్ పెట్టడం కుదరని పని అని ఎవరైనా అంటే మా ఊరు రమ్మంటాను. శ్రీవారి దర్శనానికి 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో నెల నెలా విడుదల చేస్తారు, నిమిషాల్లో అయిపోతాయి. ఆ రద్దీ కోల్డ్‌ప్లేకి తీసిపోదు. అయినా ఫోన్ వాడటం రానివాడి కోసం, అప్పటికప్పుడు బయల్దేరి వచ్చినవాడి కోసం విష్ణు నివాసంలో, శ్రీనివాసంలో, భూదేవి కాంప్లెక్స్‌లో కౌంటర్లు పెట్టి సర్వదర్శనం టోకెన్లు ఉచితంగా ఇస్తారు. ఆ వ్యవస్థలో లోపాలు లేవని నేను చెప్పను, తిరుపతి వాళ్ళకే తెలుసు ఆ లోపాలు. కానీ ఆన్‌లైన్, కౌంటర్ రెండూ పక్కపక్కన నడపవచ్చని రోజూ కళ్ళ ముందు కనిపిస్తోంది.

నన్ను బాగా కుదిపిన సంగతి ఇంకొకటి. ఆ కచేరీ వానల వల్ల వాయిదా పడింది. కొత్త తేదీన మాకు కుదరలేదు, డబ్బు వెనక్కి ఇమ్మన్నాం. టికెట్ డబ్బు వచ్చింది, దాని మీద జీఎస్టీ వచ్చింది. బుకింగ్ ఫీజు, దాని జీఎస్టీతో కలిపి 590, రాలేదు. అడిగితే నిబంధనల్లో ఉంది, ఫీజు రీఫండ్ కాదు అన్నారు. నేను రద్దు చేసుకోలేదు, వాళ్ళ కచేరీ జరగలేదు. గాయకుడు పాడలేదు కాబట్టి ఆయన డబ్బు నిలిచిపోయింది, ప్రభుత్వం టికెట్ల మీద పన్ను వదులుకుంది, మధ్యలో టికెట్టు కొట్టినవాళ్ళకి మాత్రం రూపాయి తగ్గలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. మర్యాదగా ఫిర్యాదు రాసుకున్నారు, నంబరు ఇచ్చారు. సంస్థ నుంచి వచ్చిన జవాబు మళ్ళీ ఆ నిబంధనే. రైల్వే కూడా టికెట్ రద్దయితే ఆ చిన్న చార్జీ తిరిగి ఇవ్వదు, ఒప్పుకుంటాను. పన్నెండు రూపాయలు పోవడం వేరు, ఆరొందలు పోవడం వేరు. పది వేల మందికి పైగా వచ్చే కచేరీ వాయిదా పడితే, వెనక్కి అడిగినవాళ్ళందరి ఫీజూ కలిపితే ఎంత అవుతుందో మీరే గుణించుకోండి.

మా చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజు గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది రోజులు. ఆఖరున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర దుర్యోధన వధ. దానికి ఇంటింటికీ చందా వేస్తారు. మా నాన్నగారి ఊళ్ళో ఎవరు ఎంత ఇచ్చారో కాగితం మీద రాసి గుడి గోడకి అంటించేవాళ్ళు. హరిదాసుకి ఎంత, నాటకం మేళానికి ఎంత, మైకుసెట్టుకి ఎంత, పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని అందరి ముందూ చదివేవాళ్ళు. తగాదాలు కూడా వచ్చేవి, మైకుసెట్టుకి అంతెందుకని. ఆ తగాదా పడే వీలు ఉండేది. మేళంవాళ్ళకి ఎంత ఇచ్చారో తెలిసినప్పుడు మా నాన్నగారు ఇంకో యాభై చేతిలో పెట్టి వచ్చేవారు. ఇప్పుడు నా 6,490లో వయొలిన్ వాయించే అమ్మాయికి ఎంత చేరుతుందో నాకు తెలియదు, టికెట్టు కొట్టినవాళ్ళ పేరున 500 వసూలవుతుందని మాత్రం కచ్చితంగా తెలుసు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

ధర మొదట తక్కువ చూపించి, చివర్లో ఒక్కొక్కటీ కలుపుతూ పోవడం మన దేశంలో ఇప్పటికే తప్పు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న తెచ్చిన మార్గదర్శకాల్లో డార్క్ ప్యాటర్న్‌లు అని 13 మోసపు పద్ధతుల జాబితా ఇచ్చింది. అందులో ఈ పద్ధతి ఉంది, డ్రిప్ ప్రైసింగ్ అంటారు. లేని తొందర పుట్టించడమూ ఉంది. 2025 జూన్‌లో ఆన్‌లైన్ వేదికలన్నీ తమని తాము తనిఖీ చేసుకుని మూడు నెలల్లో సరిదిద్దుకోవాలని కూడా చెప్పింది. హోటళ్ళు బిల్లులో సర్వీస్ చార్జీ దానంతట అదే కలపకూడదని ఇదే సంస్థ 2022లో చెబితే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఇడ్లీ తిన్నవాడికి ఉన్న రక్షణ పాట విన్నవాడికి ఎందుకు ఉండకూడదు? అమెరికాలో 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం కచేరీ టికెట్టుకి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధర మొదటే చూపించాలి. ఫీజు వద్దని ఆ నియమం అనలేదు, దాచొద్దంది. ఆ మాత్రం మన దగ్గర గట్టిగా అమలు చేస్తే సగం గొడవ తీరుతుంది. 3,245 అని పోస్టర్ మీదే ఉంటే, ఆ ధరకి వెళ్ళాలా వద్దా అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకుంటాం. అప్పుడు నిర్వాహకుడికీ ఆ ఫీజు కళ్ళకి కనిపిస్తుంది, టికెట్ సంస్థతో బేరమాడాలని అనిపిస్తుంది.

మిగతా సగానికి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఫీజు శాతం లెక్కన కాకుండా టికెట్టుకి ఇంత అని పెట్టండి, ముప్పై అనండి, నలభై అనండి, మనస్ఫూర్తిగా కడతాను. కచేరీ మీ వైపు నుంచి ఆగిపోతే ఆ ఫీజు కూడా తిరిగి ఇవ్వండి. చెన్నైలో, బెంగళూరులో కచేరీ పెట్టే నిర్వాహకులకి ఇంకొక మాట. మీ టికెట్లలో కొన్ని తిరుపతిలో కౌంటర్‌లో అమ్మండి. బస్టాండు దగ్గర ఒక మ్యూజిక్ షాపో, మొబైల్ షాపో మాట్లాడుకుంటే చాలు, రెండు శనివారాలు పెడితే చాలు. టికెట్టు మీద ఉన్న ధరకే అమ్మండి. మదనపల్లె నుంచి, శ్రీకాళహస్తి నుంచి కూడా వచ్చి కొనుక్కుంటారు. షాపు కుదర్చడానికి ఎవరైనా స్థానికంగా సాయం కావాలంటే నేను తిరుగుతాను.